మూత పెట్టిన గంట

పెద్దకోడలికి చిన్నకోడలంటే కుళ్ళు. ఈ మాటను చుట్టూ తిప్పి చెప్పాల్సిన పనిలేదు. ఆమెకు తెలుసు, ఆమె భర్తకు తెలుసు, మేడమీద ఉండే అత్తగారికి తెలుసు, కింద వర్క్‌షాపులో సోల్డరింగు చేసే ఇద్దరు ఆడవాళ్ళకూ తెలుసు. తెలియనిది ఒక్క మామగారికే. ఆయన లెక్కలో మీటరు మీద ముల్లు కదిలితేనే ఏదైనా జరిగినట్టు.

పోనీ ఇది చీరల దగ్గరో నగల దగ్గరో వంటింటి పెత్తనం దగ్గరో పుట్టిన కుళ్ళా అంటే, అదీ కాదు. చిన్నకోడలు మెడలో ఏం వేసుకుంటుందో పెద్దకోడలు ఇంతవరకు సరిగ్గా చూడనే లేదు. ఇది ఒక బల్ల, ఆ బల్ల ముందున్న స్టూలు, అక్కడ కూర్చుని పెట్టే ఒక సంతకం గురించిన కుళ్ళు. మగవాళ్ళకు ఇలాంటిది వస్తే వృత్తిగౌరవం అంటారు. ఆడవాళ్ళకు వస్తే తోడికోడళ్ళ పోరు అంటారు.

ఇంటి కింది భాగమంతా వర్క్‌షాపే. ముందు గదిలో ప్యాకింగు, నడిమి గదిలో సోల్డరింగు, వెనక గదిలో కిటికీ పక్కన ఆ బల్ల. అక్కడ తయారయ్యేది అరచేతిలో పట్టే గుండ్రటి డబ్బా, దాని లోపల ఒక బోర్డు. ఫ్యాక్టరీల్లో ఓవెన్ల మీద, బాయిలర్ల మీద దాన్ని బిగిస్తారు. లోపలి వేడిని చూసే సెన్సారు ఇచ్చే సంకేతం మరీ బక్కది, దూరం పంపితే దారిలోనే నీరుగారిపోతుంది. ఈ బోర్డు దాన్ని కరెంటుగా మార్చి, రెండు తీగల మీద, ఎక్కడో ఉన్న కంట్రోలు గది దాకా చెక్కుచెదరకుండా పంపిస్తుంది. అడుగున నాలుగు మిల్లీయాంపులు, అంచున ఇరవై. సున్నా నుంచే మొదలుపెట్టొచ్చు కదా అని కొత్తగా వచ్చినవాళ్ళందరూ అడుగుతారు. ఇరవై రెండేళ్ళ కిందట కొత్తకోడలిగా వచ్చినప్పుడు పెద్దకోడలూ అదే అడిగింది.

"తీగ తెగినా సున్నాయే వస్తుందమ్మా," అన్నారు మామగారు. "అవతలివాడు చల్లగా ఉన్నాడో చచ్చిపోయాడో మనకు తెలియాలి కదా."

ఆ మాటకు ఆమె పడీపడీ నవ్వింది. ఆ రోజునుంచే ఆయన తన విద్యంతా ఆమెకు నేర్పారు. ఇద్దరు కొడుకులకూ అబ్బని విద్య కోడలికి అబ్బింది.

పాత బోర్డులో రెండు చిన్న స్క్రూలు ఉండేవి. ఒకటి అడుగును సరిచేసేది, రెండోది అంచును. అడుగును నాలుగుకు తెస్తే అంచు ఇరవై నుంచి జారేది. అంచును పట్టుకుంటే అడుగు అలిగేది. ఒకణ్ణి బుజ్జగిస్తే రెండోవాడు మూతి ముడుచుకునే తన కొడుకుల్లాగే ఉన్నాయి ఈ స్క్రూలు అనేది అత్తగారు. మామగారికి అటూ ఇటూ ఏడెనిమిదిసార్లు తిప్పితేగాని రెండూ కుదిరేవి కావు. పెద్దకోడలికి మూడుసార్లు చాలు. పాయింటు తర్వాత మూడో అంకె దాకా పట్టేది. ఆ సంగతి నలుగురి నోళ్ళలో పడి ఆమె పేరు "పాయింటక్క" అయి కూర్చుంది. సరిపోయిన డబ్బా మీద తెల్ల స్టిక్కరు అంటించి, తేదీ వేసి, సంతకం పెట్టేది. ఫ్యాక్టరీలవాళ్ళు ఫోను చేస్తే అడిగే మొదటి మాట, "పాయింటక్క చూసిందా?" అని. చూసిందంటే ఇంక రెండో ప్రశ్న లేదు.

సంతకానికి ముందు ఆమె తప్పనిసరిగా చేసే పని ఇంకొకటి ఉంది. డబ్బాకు మూత బిగించి, కరెంటు పెట్టి, గంటసేపు దాని జోలికి వెళ్ళేది కాదు. భోజనం చేసి వచ్చి అప్పుడు మళ్ళీ కొలిచేది. "మూత తీసి ఉన్నప్పుడు ఏ బోర్డైనా బుద్ధిమంతురాలే. మూత పెట్టాక చూడాలి దాని గుణం," అనేది. సోల్డరింగు చేసే ఆడవాళ్ళు ఈ మాటను మగవాళ్ళకు అన్వయించి తెగ నవ్వుకునేవారు.

ఇలా సాగుతున్న ఇంట్లోకి ఎనిమిది నెలల కిందట మరిది పెళ్ళాం వచ్చింది. ఎలక్ట్రానిక్సు చదువుకున్న పిల్ల. నోట్లో వేలు పెడితే కొరకలేనట్టు ఉండేది. మొదటి నెల "అక్కా, అక్కా" అంటూ వెనకాలే తిరిగి అన్నీ చూసింది. మూడో నెలలో ఒక రోజు మామగారి ముందు వేలిగోరంత నల్లటి ముక్క ఒకటి పెట్టింది. అటు ఏడు, ఇటు ఏడు కాళ్ళు.

"మామయ్యగారూ, మన బోర్డంతా ఇందులో ఉంది," అంది. "సెన్సారు సంకేతాన్ని పెంచడం, వంకరుంటే సరిచేయడం, కరెంటుగా మార్చి పంపడం, అన్నీ ఇదే చేస్తుంది. స్క్రూలు తిప్పక్కర్లేదు. కంప్యూటరు తగిలించి ఎంత తేడా ఉందో చెబితే, దాని జ్ఞాపకంలో అదే రాసుకుంటుంది."

"ఎంతసేపు పడుతుంది?"

"రెండు నిమిషాలు."

పెద్దకోడలు అప్పుడు బల్ల దగ్గరే ఉంది. చేతిలో స్క్రూడ్రైవరు ఉంది. రెండు నిమిషాలన్న మాట చెవిన పడగానే కడుపులో ఎవరో అగ్గిపుల్ల గీసినట్టయింది. ఆరిపోతుందిలే అనుకుంది. అది ఆరలేదు. ఆ చిప్‌తో తయారైన మొదటి బోర్డు 4.000 దగ్గర లేచి 20.000 దగ్గర నిలబడ్డప్పుడు, మామగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. తను మూడు తిప్పుల్లో కుదిర్చిన మొదటి రోజు కూడా ఆయన ఇలాగే తుడుచుకున్నారని ఆమెకు గుర్తుంది. ఆ కళ్ళద్దాలు తన సొత్తు అనుకుంది ఇన్నాళ్ళూ.

"ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అన్నారా," అంది అత్తగారు టీ గ్లాసులు తీసుకెళ్తూ. ఆవిడ మంటల్ని ఆర్పే రకం కాదు.

తర్వాతి నెలలోనే మందుల కంపెనీవాళ్ళు నలభై డబ్బాలు అడిగారు. ఇంజెక్షన్ సీసాల్లో క్రిములు చచ్చేలా వేడిచేసే పెద్ద పెద్ద ఓవెన్లకు. అన్నీ కొత్త చిప్‌తోనే చేద్దామన్నారు మామగారు. ఆ మాట చెప్పి, పెద్దకోడలి వైపు తిరిగి, ఎంతో ప్రేమగా అన్నారు:

"ఇన్నేళ్ళు మెడ వంచి పనిచేశావమ్మా. ఈ నలభై బాగా వెళ్ళాయంటే ఒకటో తారీఖు నుంచి బల్ల చిన్నమ్మాయికి అప్పజెప్పేద్దాం. నువ్వు హాయిగా మేడమీద కూర్చో."

హాయిగా అట! మేడమీద ఏముంది? టీవీ ఉంది, అత్తగారు ఉంది. పెద్దకోడలు తలూపింది. పైకి వెళ్ళి స్నానాలగదిలో కుళాయి పూర్తిగా తిప్పి, నీళ్ళ చప్పుడులో తనను తానే తిట్టుకుంది, ఆ పిల్లను తిట్టింది, ఆ పద్నాలుగు కాళ్ళ పురుగును తిట్టింది. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అన్న సామెత ఎవరు పుట్టించారోగాని, వాళ్ళ ఇంట్లోనూ ఒక చిన్నకోడలు ఉండే ఉంటుంది.

ఆ రోజునుంచి ఆమెకు అన్నీ గుచ్చుకున్నాయి. స్టూలును ఎవరో రెండు చుట్లు తిప్పి దించారు. ఎవరో ఏమిటి, ఆ పిల్లే, పొట్టిది కదా. బల్ల మీద తన దీపం ఎడమ నుంచి కుడికి వచ్చింది. తను అన్నం కలిపి పెట్టి పెంచిన మరిది, తన కళ్ళ ముందే, "మా ఆవిడ పని రెండు నిమిషాలు వదినా, మీ మెడనొప్పి కూడా తగ్గుతుంది," అన్నాడు. పుండు మీద కారం అలా చల్లాలి.

భర్త దగ్గర కక్కబోయింది. ఆయన ఫ్యాక్టరీలు తిరిగి డబ్బాలు బిగించి వచ్చే మనిషి, అలసిపోయి ఉన్నాడు. "కొత్తది వస్తే పాతది పోతుంది. దానికి నువ్వెందుకు చిటపటలాడతావు?" అని అటు తిరిగి పడుకున్నాడు. తనను పాతది అన్నాడా, బోర్డును అన్నాడా అని ఆమె చాలాసేపు ఆలోచించింది.

నలభై బోర్డులూ తయారయ్యాయి. కంపెనీ నుంచి తనిఖీకి మనిషి రావడానికి ఇంకా పదకొండు రోజులుంది. ఆ మధ్యాహ్నం మరిది తన పెళ్ళాన్ని వెంటేసుకుని మ్యాట్నీకి వెళ్ళాడు. పెద్దకోడలు స్టూలును రెండు చుట్లు పైకి తిప్పి, కూర్చుని, కొత్త బోర్డు ఒకటి ముందు పెట్టుకుంది.

ఎందుకు కూర్చుందంటే, తప్పు వెతకడానికే. ఇందులో దాపరికం లేదు. అడుగు చూసింది, అంచు చూసింది, నడుమ పది చోట్ల చూసింది. వెంట్రుకవాసి తేడా లేదు. కరెంటు తగ్గించి చూసింది, పెంచి చూసింది. లేదు. బల్ల మీద గుద్ది చూసింది. అప్పుడూ లేదు. కంటికి నీళ్ళొచ్చినంత పనైంది. చివరికి, ఓవెన్లలో కావలసిన నూట ఇరవై ఒక్క డిగ్రీల దగ్గర పెట్టింది. 13.680 చూపించింది, ఎంత ఉండాలో అంతే. విసుగుతో మూత బిగించి, భోజనానికి పోయింది.

తిరిగి వచ్చేసరికి 13.920 ఉంది.

కళ్ళు నులుముకుని మళ్ళీ చూసింది. అంతే ఉంది. అంటే మూడు డిగ్రీలు ఎక్కువ. మూత తీసింది. పావుగంటలో అంకె నెమ్మదిగా దిగి, మళ్ళీ బుద్ధిగా 13.680 దగ్గర కూర్చుంది. వేలు పెట్టి బోర్డంతా తడిమింది. ఒక మూల చురుక్కుమంది.

విషయం అర్థం కావడానికి ఆమెకు ఎంతోసేపు పట్టలేదు. కరెంటు బరువంతా మోసే ట్రాన్సిస్టరు వేడెక్కుతుంది. అందుకే దాన్ని చిప్‌కు బయట పెడతారు. బయట అయితే పెట్టింది గాని, ఆ పిల్ల దాన్ని తెచ్చి సరిగ్గా అక్కడున్న పూసంత చిన్న సెన్సారు పక్కనే పెట్టింది. డబ్బాలో గాలి ఎంత వేడిగా ఉందో చూసి లెక్కలో కలపడం ఆ పూస పని. మూత తీసి ఉంటే వేడి గాలిలో కలిసిపోతుంది. మూత పెడితే పక్కింటి పొయ్యి సెగ తగిలినట్టు పూసకు తగిలి, అది లేని వేడిని కలిపి చెబుతుంది. ఆ పిల్ల ఎప్పుడూ మూత తీసే పరీక్షించింది. రెండు నిమిషాలు!

పెద్దకోడలికి ఎంత ఆనందం కలిగిందంటే, చెప్పుకోవడానికి సిగ్గుపడాలి. పెళ్ళినాడు కూడా అంత కలగలేదు.

మూడు డిగ్రీలంటే ఏమిటో ఆమెకు తెలియక కాదు. ఓవెన్ నూట ఇరవై ఒకటి అని చెబుతూ ఉంటుంది, లోపల నూట పద్దెనిమిదే ఉంటుంది. సీసాల్లో చావాల్సినవి చావవు. కాని, అంతదాకా రాదులే అనుకుంది. బిగించాక కంపెనీవాళ్ళు వాళ్ళ థర్మామీటర్లతో చూసుకుంటారు, తేడా పట్టుకుంటారు, నలభైకి నలభై వెనక్కి పంపుతారు. అప్పుడు ఆ పిల్ల మొహం చూడాలి. అప్పుడు మామగారు మేడమెట్ల దగ్గర నిలబడి, "అమ్మా, ఒకసారి కిందికి రా," అంటారు. ఆ పిలుపు ఆమె చెవుల్లో అప్పుడే వినిపించింది. మూత పెట్టేసి, స్టూలును రెండు చుట్లు దించి, ఏమీ ఎరగనట్టు లేచిపోయింది.

ఆ తర్వాత పదిరోజులూ పెద్దకోడలిని చూసి ఇల్లంతా ముక్కున వేలేసుకుంది. చిన్నకోడలికి తలనొప్పంటే తనే మాత్ర తెచ్చిచ్చింది. తన దీపం కుడివైపు ఉంటే ఉండనిచ్చింది. "కళ్ళు పాడవుతాయమ్మాయ్, కాస్త విశ్రాంతి తీసుకో," అని బుగ్గ తట్టింది. గోతిలో పడబోయేవాళ్ళ మీద ఎవరికైనా జాలి పుడుతుంది. ఆ పిల్ల మాత్రం ఈ ప్రేమకు ఉక్కిరిబిక్కిరై, రోజుకోసారి "అక్కా" అంటూ చెయ్యి పట్టుకునేది.

తనిఖీకి ముందురోజు మామగారు స్టిక్కర్ల కట్ట తెచ్చి బల్లమీద పెట్టారు.

"సంతకాలు పెద్దమ్మాయే పెట్టాలి," అన్నారు. "చివరిసారి కదా."

పెద్దకోడలు ఆ కట్టను ముట్టుకోలేదు. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి. నవ్వుతూ చిన్నకోడలి వైపు తోసింది.

"ఆ పిల్ల కష్టం మామయ్యగారూ. ఆ పిల్ల పేరే ఉండాలి. నేను పెడితే బాగుండదు."

అత్తగారి చేతిలో టీ గ్లాసు ఆగిపోయింది. మామగారు మళ్ళీ కళ్ళద్దాలు తీశారు. ఈసారి తనకోసమే తీశారు. దానికి సంతోషించాలో ఏడవాలో ఆమెకు తెలియలేదు. చిన్నకోడలు కట్ట అందుకుంది. కిందిపెదవి కొరుక్కుంటూ లోపలికి పోయింది. కాసేపటికి పెద్దకోడలు అటు వెళ్తూ చూస్తే, ఆ పిల్ల చిత్తుకాగితం మీద తన సంతకం సాధన చేస్తోంది. చిన్నదిగా ఒకటి, పెద్దదిగా ఒకటి, కింద గీతతో ఒకటి. పెద్దకోడలు చప్పుడు చేయకుండా పక్కకు తప్పుకుంది. తను కూడా ఇరవై రెండేళ్ళ కిందట ఇలాగే చేసింది. ఆ కాగితం గుర్తు రాకుండా ఉంటే బాగుండేది.

మర్నాడు ఉదయం పదింటికి కంపెనీ ఇంజనీరు వచ్చాడు. పొట్టిగా, బట్టతలతో, ఎక్కడికో ఆలస్యమైనవాడిలా ఉన్నాడు. నలభైలోంచి అయిదు డబ్బాలు తనే ఏరుకున్నాడు. చిన్నకోడలు మూతలు తీసి, ఒక్కొక్కటే తగిలించి చూపించింది. అడుగు, అంచు, నూట ఇరవై ఒకటి. అయిదూ ముత్యాల్లా నిలబడ్డాయి.

"బ్రహ్మాండం," అన్నాడాయన. "ఏవండీ, వీటికి రెండు నిమిషాలేనట కదా? మరి ఇన్నాళ్ళూ మా ఆర్డర్లకు నెలలెందుకు పట్టేవి?" అని పెద్దగా నవ్వాడు. ఎవరిని అంటున్నాడో ఆయనకు తెలియదు పాపం.

చిన్నకోడలు స్టిక్కరు అంటించి, పెన్ను తీసింది.

పెద్దకోడలు గుమ్మం దగ్గర నిలబడి ఉంది. ఇంక ఆమె చేయాల్సింది ఏమీ లేదు, ఊరికే నిలబడాలి. నిలబడితే చాలు, బల్ల తనది. కాని పెన్ను మూత తీసిన చప్పుడు వినగానే ఒంట్లో ఎక్కడో చిరాకు పుట్టింది. అది జాలి కాదు, ధర్మం కాదు, పెద్ద పెద్ద మాటలేమీ కావు. కొలవని బోర్డు మీద సంతకం పెడుతున్నారు. తన బల్ల మీద! ఎలా పెడతారు? గుమ్మం నుంచి బల్ల దాకా ఎప్పుడు నడిచిందో తనకే తెలియదు. డబ్బాను లాక్కుని మూత బిగించి, నూట ఇరవై ఒకటి దగ్గర పెట్టి మీటరుకు తగిలించింది.

"గంట ఆగాలి," అంది.

అందరూ ఆమె వైపు చూశారు. చిన్నకోడలి చేతిలో పెన్ను అలాగే ఉంది.

"ఎందుకమ్మా?" అన్నారు మామగారు.

"మూత పెట్టి గంట చూడకుండా మన గుమ్మం దాటి ఏదీ పోలేదు మామయ్యగారూ. ఇదీ పోదు."

"అది పాత బోర్డులకు వదినా. ఇది చిప్," అన్నాడు మరిది. వాడి గొంతులో ఇంతకుముందెప్పుడూ లేని పదును ఉంది.

భర్త ఆమె మోచెయ్యి పట్టుకుని పక్కకు లాగాడు. "నీ కుళ్ళు ఇంట్లో చాలదా? నలుగురిలో పెట్టుకోవాలా?" అన్నాడు పళ్ళ మధ్యనుంచి.

"కుళ్ళే," అందామె. పెద్దగానే అంది, అందరికీ వినపడింది. "నాకు కుళ్ళు లేదని నేనెప్పుడన్నాను? అయినా సరే, గంట ఆగండి."

ఇంజనీరు గడియారం చూసుకున్నాడు. కాని ఆయన పాతమనిషి, పాయింటక్క గురించి వినివున్నాడు, ఆ మాటతో ఈమేనని పోల్చుకున్నాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

అంతకన్నా పొడుగాటి గంట ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు. మామగారు పెద్దకోడలి మొహం వంక చూడలేక కిటికీలోంచి చూశారు. ఆయనకు మొదటిసారి అర్థమైనట్టుంది, ఇంట్లో ముల్లు కదులుతోందని. మరిది బయటికి పోయాడు. నడిమి గదిలో సోల్డరింగు ఆగిపోయింది, ఆడవాళ్ళిద్దరూ పనిచేస్తున్నట్టు నటిస్తున్నారు. అందరి కళ్ళలోనూ ఒకటే ఉంది: ఓర్వలేక చేస్తోంది. పెద్దకోడలు ఆ చూపులన్నీ మింగింది. వాళ్ళనుకునేది అబద్ధమైతే కోప్పడొచ్చు. నిజమే అయినప్పుడు ఏం చేస్తాం?

పది నిమిషాలకు 13.71 అయింది. చిన్నకోడలు ముందుకు వంగింది. ఇరవై అయిదు నిమిషాలకు 13.79. ఇంజనీరు కుర్చీలోంచి లేచి మీటరు దగ్గరికి వచ్చాడు. నలభైకి 13.87.  గంట నిండేసరికి 13.920 దగ్గర ఆగింది.

"మూడు డిగ్రీలు," అన్నాడు ఇంజనీరు. నుదురు తుడుచుకున్నాడు. "మేము బిగించాక మళ్ళీ ఏడాదికిగాని చూడం తెలుసా? మీ స్టిక్కరు ఉంటే అసలు చూడం."

పెద్దకోడలు మీటరు మీదినుంచి చూపు తిప్పి ఆయన వంక చూసింది. వాళ్ళే చూసుకుంటారు, వాళ్ళే పట్టుకుంటారు అని తను పదకొండు రోజులుగా తనకు చెప్పుకున్న మాట అబద్ధమన్నమాట. పక్కనున్న బల్ల పట్టుకుంది.

ఆయన వారం గడువిచ్చాడు. వెళ్తూ వెళ్తూ పెద్దకోడలి ముందు ఆగి, "ఈసారి సంతకం మీదైతేనే తీసుకుంటా," అన్నాడు. మామగారు ఆమె తలమీద చెయ్యి వేశారు. "ఒకటో తారీఖు లేదు, రెండో తారీఖు లేదు. బల్ల నీదే తల్లీ," అన్నారు.  భర్త ఇంజనీరును సాగనంపడానికి వెళ్ళాడు.

గెలిచింది. బల్ల దక్కింది, సంతకం దక్కింది, నలుగురిలో మాట దక్కింది. కావలసినవన్నీ ఒక్క గంటలో వచ్చి ఒళ్ళో పడ్డాయి.

వెనక గదిలో ఇద్దరే మిగిలారు. చిన్నకోడలు అప్పటికే ఒక బోర్డు బిగించుకుని, సోల్డరింగు కడ్డీ వేడిచేసి, ఆ ట్రాన్సిస్టరును పీకుతోంది. తల ఎత్తలేదు.

"దీన్ని డబ్బా గోడకు ఆనిస్తే వేడి బయటికి పోతుంది," అంది. "పూసను అవతలి అంచుకు జరపాలి. వారం చాలు."

"చాలు," అంది పెద్దకోడలు.

"ఎప్పుడు తెలిసింది అక్కా మీకు?"

ఇప్పుడే అనుమానమొచ్చింది అనొచ్చు. ఎవరూ కాదనరు. పెద్దకోడలు నోరు తెరిచింది, ఆ అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. ఎందుకో దిగలేదు.

"పదకొండు రోజులైంది," అంది. "మీరు మ్యాట్నీకి వెళ్ళిన రోజు."

కడ్డీ ఒక్క క్షణం ఆగి, మళ్ళీ కదిలింది.

"అందుకా, సంతకం నన్ను పెట్టమన్నారు?"

"ఆఁ."

"నేను స్నానాలగదిలో కుళాయి తిప్పుకుని ఏడ్చాను. సంతోషమొచ్చి."

 ఆ కుళాయి చప్పుడులో ఎంత దాగుతుందో పెద్దకోడలికి తెలుసు. ఆ పిల్ల ఇంకేం అంటుందో, ఎంతగా అంటుందో, ఎవరెవరికి చెబుతుందో అని నిలబడి ఎదురుచూసింది. అన్నీ పడటానికి సిద్ధంగానే ఉంది.

ట్రాన్సిస్టరు ఊడి బల్లమీద పడింది. చిన్నకోడలు దాన్ని పట్టకారుతో పక్కకు నెట్టి, ముక్కు ఎగబీల్చి, అప్పుడు తల ఎత్తింది.

"మీరు కనక చెప్పారు. మీ చోట నేనుంటే చెప్పేదాన్ని కాదు," అంది. "పెన్ను నేనే మూత తీసి చేతికిచ్చేదాన్ని."

"ఏమిటా మాటలు?"

"నిజం అక్కా. ఈ ఇంట్లో అడుగుపెట్టినప్పటినుంచి 'పాయింటక్క చూసిందా, పాయింటక్క చూసిందా' తప్ప ఇంకో మాట వినలేదు. నాకు ఒళ్ళు మండిపోయేది. మీరు మూత పెట్టి గంట చూస్తారని నాకు తెలియదనుకున్నారా? మొదటి నెలే చూశాను. అది మీ పద్ధతి కాబట్టే నేను చేయలేదు. మీరు భోజనానికి వెళ్ళగానే గబగబా మూతలు తీసి చూసేసి పెట్టేసేదాన్ని. మీతో అవసరం లేకుండా పోవాలని. అంతే."

ఇదంతా ఒక్క ఊపిరిలో చెప్పేసి, తడి స్పాంజి మీద కడ్డీ మొన తుడిచి, రెండో బోర్డు అందుకుంది. మొహం తేటపడింది. నెత్తిమీది మూట దించుకున్న మనిషిలా ఉంది.

పెద్దకోడలు ఆ మొహాన్నే చూస్తూ నిలబడింది. తను పదకొండు రోజులు మింగలేక కక్కలేక చచ్చింది. నోరు విప్పాల్సి వస్తే పరువంతా పణం పెట్టి, గంటసేపు అందరి చేతా ఛీ అనిపించుకుని, అప్పటికీ సగమే చెప్పింది. ఈ పిల్ల మాత్రం పనిచేసుకుంటూ, చేతిలో కడ్డీ పక్కన పెట్టకుండానే మొత్తం చెప్పేసింది. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. అంత తేలిగ్గా చెప్పడం తనకెందుకు రాలేదు? తనకెవరూ నేర్పలేదేం?

కడుపులో మళ్ళీ చురుక్కుమంది. ఎన్నటికీ పట్టుకోలేనిదాన్ని చూసి కలిగిన కుళ్ళు ఇది. బల్ల తన దగ్గరే ఉన్నా పోయేది కాదని ఆమెకు అప్పుడే తెలిసిపోయింది.

"కాస్త జరుగు," అంది. ఇంకో స్టూలు లాక్కుని పక్కన కూర్చుని, మూడో బోర్డు తను తీసుకుంది.